ముహాసిబ్ మొదట తన లెక్క తాను రాసుకోవాలి
గల్ఫ్‌లో అకౌంటెంటు ఉద్యోగం కోరే మన పిల్లలకు, వారి తల్లిదండ్రులకు

కడప జిల్లా నుంచి అరబ్బు దేశాలకు పోయే బాట కొత్తది కాదు. కొన్ని దశాబ్దాలుగా మన జిల్లా నుంచి వేలమంది కువైట్ చేరి డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇంటి పనివాళ్లుగా రెక్కలు ముక్కలు చేసుకున్నారు. ఆ సంపాదనతోనే ఇక్కడ ఇళ్లు లేచాయి, ఆడపిల్లల నికాహ్‌లు జరిగాయి, పిల్లలు కాలేజీ గడప తొక్కారు. ఆ పిల్లలే ఇప్పుడు బీకాం పట్టా చేతబట్టుకుని అదే బాటలో నిలబడ్డారు. వారు తండ్రిలా స్టీరింగు పట్టుకోవడానికి పోవడం లేదు. ఆఫీసులో కూర్చుని లెక్కలు రాయాలన్నది వారి కోరిక. మంచి కోరికే. హలాల్ సంపాదన కోసం ప్రయాణం చేయడం మన ధర్మంలో మెచ్చుకోదగ్గ పని.

అయితే పని మారినా, పోయే పద్ధతి మాత్రం మారలేదు. ఎవరో తెలిసినాయన ‘వీసా ఉంది’ అంటాడు. తల్లి మెడలోని నగ తాకట్టుకు పోతుంది. అరబ్బీలో రాసిన కాగితం ఒకటి ఇంటికి వస్తుంది. అందులో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మదరసాలో చదువుకున్నవాళ్లం, అరబ్బీ అక్షరం వచ్చినవాళ్లం కాబట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కుటుంబాలు ఆ కాగితాలను మా దగ్గరకు తెస్తుంటాయి. వాటిని చదివి చెబుతూ మేము గమనించిన సంగతులను, తెలుసుకున్న చట్టపు మాటలను నలుగురికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాము.

లెక్కల భాష మన ఇంటి భాషే

అకౌంటెంటును అరబ్బీలో ‘ముహాసిబ్’ అంటారు. లెక్కకు ‘హిసాబ్’. ఈ మాట ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలుగులో మనం రోజూ వాడే లెక్కల మాటల్లోనూ చాలావరకు అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, అసలు, కిస్తీ, రసీదు, తారీఖు, జామీను, ఖరారు, నకలు, దస్తావేజు. ఈ మాటలు లేకుండా ప్రొద్దుటూరు బజారులో ఒక్కరోజు వ్యాపారం జరగదు. నవాబుల కాలంలో రెవెన్యూ లెక్కల ద్వారా ఇవి జనంలోకి వచ్చాయి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, థామస్ మన్రో 1807 దాకా దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేశాడు. దొరలు మారినా జమాబందీ అనే మాట మాత్రం మారలేదు.

అంతకు మించిన సంగతి మరొకటి ఉంది. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు నమాజు గురించినది కాదు, రోజా గురించినది కాదు. అది సూరె బఖరాలోని 282వ ఆయతు. గడువు పెట్టి అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు దాన్ని రాసి పెట్టుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని అందులో ఆదేశం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో జీతాలు, వాటాలు నమోదు చేసే ‘దీవాన్’ రిజిస్టర్లు ఏర్పాటయ్యాయి. ఇలాంటి వారసత్వం ఉన్న సమాజం తన బిడ్డను సముద్రం దాటించేటప్పుడు ఒక్క కాగితమైనా సరిగ్గా చదవకుండా పంపించడం బాధాకరం.

ఇప్పటి ముహాసిబ్‌కు ఏం రావాలి?

పాతికేళ్ల కిందట గల్ఫ్‌లో అకౌంటెంటు పనికి చిట్టా, ఆవర్జా, బ్యాంకు లెక్క సరిచూడటం, జీతాల పట్టీ వస్తే చాలావరకు సరిపోయేది. అప్పట్లో అక్కడ అమ్మకాల మీద వ్యాట్ లేదు. 2018 జనవరి 1 నుంచి యు.ఎ.ఇ., సౌదీ అరేబియా 5 శాతం వ్యాట్ మొదలుపెట్టాయి. బహ్రెయిన్ 2019లో, ఒమన్ 2021లో ఆ దారి పట్టాయి. సౌదీ 2020 జులైలో దాన్ని 15 శాతానికి, బహ్రెయిన్ 2022 జనవరిలో 10 శాతానికి పెంచాయి. సౌదీలో 2021 డిసెంబరు నుంచి బిల్లులు కంప్యూటరులోనే తయారు కావాలన్న నిబంధన వచ్చింది. యు.ఎ.ఇ.లో 2023 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాల నుంచి కంపెనీల లాభం మీద కూడా పన్ను పడింది. 3,75,000 దిర్హంల పైబడిన లాభం మీద అది 9 శాతం.

దీంతో చిన్న దుకాణానికి కూడా లెక్క తెలిసిన మనిషి అవసరమయ్యాడు. ఆ మనిషికి పన్ను రిటర్ను గడువులోగా వేయడం తెలియాలి. యు.ఎ.ఇ.లో వ్యాట్ రిటర్నుకు పన్ను కాలం ముగిశాక 28 రోజులే గడువు. ఒక్కసారి మరచిపోతే యజమాని జరిమానా కట్టాలి. ఆ తర్వాత ముహాసిబ్ ఉద్యోగం నిలవడం కష్టం.

మన పిల్లలకు ఇందులో ఒక అనుకూలత ఉంది. 2017 జులై 1 నుంచి మన దేశంలో జీఎస్టీ నడుస్తోంది. కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి తీసేసి మిగిలింది ప్రభుత్వానికి కట్టడం అనే సూత్రం రెండింటికీ ఒకటే. జీఎస్టీ రిటర్ను చేతులారా వేసిన కుర్రవాడు వ్యాట్‌ను నెలలో పట్టుకుంటాడు. పుస్తకంలో చదివి పరీక్ష రాసినవాడికి అది అంత సులువు కాదు.

మూడు ఊళ్లు, మూడు బడులు

అందుకే మేము పిల్లలకు చెప్పే మొదటి మాట: పట్టా చేతికి రాగానే పాస్‌పోర్టు పట్టుకుని పరుగెత్తవద్దు. కనీసం రెండేళ్లు సొంత ఊరి దుకాణంలో గుమాస్తాగా కూర్చోండి. జీతం తక్కువే ఉంటుంది. కానీ ఆ రెండేళ్లే రేపు ఇంటర్వ్యూలో మాట్లాడతాయి.

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అని ఊరికే అనలేదు. ఇక్కడి బంగారు అంగళ్లలో సరుకు లెక్క గ్రాముల్లో, మిల్లీగ్రాముల్లో నడుస్తుంది. తరుగు వేరు, మజూరీ వేరు. బంగారం మీద 3 శాతం జీఎస్టీ. పాత బంగారం మార్పిడికి మరో లెక్క. సాయంత్రం అంగడి మూసేసరికి పుస్తకంలో ఉన్న బరువు, పెట్టెలో ఉన్న బరువు ఒకటి కావాలి. ఈ పనిలో ఆరితేరినవాడిని దుబాయిలోని బంగారు బజారు కాదంటుందా?

జమ్మలమడుగు వైపు పోతే బండల గనులు, పాలిష్ యూనిట్లు, పక్కనే ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు. అక్కడ లారీ బాడుగ, డీజిల్, రాయల్టీ, కూలీల వారపు బట్వాడా, దారిలో చూపాల్సిన ఈ-వే బిల్లు, ఇవన్నీ ఒకే మనిషి చూసుకోవాలి. గల్ఫ్‌లో కట్టడాల కాంట్రాక్టరు దగ్గర ఉండే పని దాదాపు ఇదే.

పులివెందులలో చీనీకాయలు, అరటి. మండీలో కమీషన్ లెక్క, రైతుకు ఇచ్చిన అడ్వాన్సు, గ్రేడు ప్రకారం ధర, చెడిపోయిన సరుకు తీసివేత. పండ్లు, కూరగాయలు దిగుమతి చేసుకునే గల్ఫ్ వ్యాపారికి ఇలాంటి అనుభవమే కావాలి.

పని మానేటప్పుడు యజమాని దగ్గర అనుభవ పత్రం అడిగి తీసుకోండి. అందులో ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా చేశారో, ఏయే లెక్కలు చూశారో స్పష్టంగా ఉండాలి. ‘మంచి కుర్రవాడు’ అని రెండు ముక్కలు రాసి ఇస్తే పరదేశంలో అది పనికిరాదు. ట్యాలీ, ఎక్సెల్ రెండూ చేతిలో ఆడాలి. ఇంగ్లీషులో ఒక ఉత్తరం తప్పుల్లేకుండా రాయగలగాలి. శక్తి ఉన్నవారు చార్టర్డ్ అకౌంటెన్సీ వైపు చూడాలి. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆడిటరు దగ్గర చేయాల్సిన శిక్షణ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. సి.ఎం.ఎ., ఎ.సి.సి.ఎ. వంటి పరీక్షలకూ గల్ఫ్‌లో విలువ ఉంది.

సౌదీ వైపు చూసేవారు మరొక సంగతి తెలుసుకోవాలి. అక్కడ లెక్కల పనిలో ఉండే పరదేశీయులు సౌదీ అకౌంటెంట్ల సంస్థ ‘సోక్పా’లో పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి. పైగా ఆ పనుల్లో సొంత పౌరుల వాటా పెంచుతున్నారు. ఐదుగురు, ఆపైన అకౌంటెంట్లు ఉన్న సంస్థల్లో 2021లో 30 శాతం పెట్టారు. 2025 అక్టోబరు 27 నుంచి దాన్ని 40 శాతం చేసి, దశలవారీగా 70 శాతానికి తీసుకుపోవాలని నిర్ణయించారు. అంటే సాధారణ అకౌంటెంటుకు అక్కడ తలుపు కొంచెం కొంచెంగా మూసుకుంటోంది. ఎక్కువ నేర్చినవాడికే చోటు.

కాగితంలో ఒక్క మాట

ఇక మా దగ్గరకు వచ్చే కాగితాల సంగతి. ఒక తండ్రి తన కొడుకు కువైట్ వీసా తెచ్చి చూపించాడు. ‘కంపెనీలో అకౌంటెంటు పని, సాబ్. నెలకు ఇంత జీతం’ అన్నాడు. మేము కాగితం చదివాము. అందులో ‘ముహాసిబ్’ అన్న మాట ఎక్కడా లేదు. ‘అమాలా మన్జిలియ్యా’ అని ఉంది, అంటే ఇంటి పని. పక్కనే 20వ నంబరు. ఆ తండ్రికి అరబ్బీ చదవడం వచ్చు, ఖుర్ఆన్ చక్కగా ఓదుతాడు. కానీ అర్థం తెలియదు. వీసా తెచ్చినవాడు ఆ తేడా మీదే బతుకుతున్నాడు.

కువైట్‌లో 18వ నంబరు వీసా ప్రైవేటు కంపెనీల పనికి. మనవాళ్లు దాన్ని షూన్ వీసా అంటారు. 20వ నంబరు ఇంటి పనికి. దాన్ని ఖాదిమ్ వీసా అంటారు. 20 మీద పోయినవాడు అంగట్లో కూర్చుని లెక్కలు రాస్తే అది నేరం. పట్టుబడితే జైలు, ఆ తర్వాత ఊరికి తిరుగు విమానం. ‘అక్కడికి పోయాక మార్చుకోవచ్చు’ అని చెబుతారు. 2024లో జులై మధ్య నుంచి సెప్టెంబరు దాకా కొద్ది వారాలు అలా మార్చుకునే వెసులుబాటు ఇచ్చిన మాట నిజం. అలాంటి అరుదైన వెసులుబాటును నమ్ముకుని ఇల్లు తాకట్టు పెట్టడం వివేకం కాదు.

‘ఆజాద్ వీసా’ అనే మాట మన ఇళ్లలో బాగా వినబడుతుంది. చట్టంలో అలాంటి వీసా ఏదీ లేదు. ఒక కఫీల్ పేరు మీద వీసా తీసి, మరొకరి దగ్గర పని చేసుకొమ్మని వదిలేయడానికి పెట్టుకున్న ముద్దుపేరు అది. పేరులోనే ఆజాదీ ఉంది. ఇఖామా కొత్తది కావాల్సినప్పుడల్లా కఫీల్ చేయి చాచుతాడు. అడిగినంత ఇవ్వకపోతే పారిపోయినట్టు ఫిర్యాదు పెడతాడు.

దుబాయికి పోయే పిల్లలు ఎక్కువగా విజిట్ వీసా మీద పోతున్నారు. ఆ వీసా మీద బంధువులను చూడవచ్చు, ఇంటర్వ్యూకు పోవచ్చు. పని మాత్రం చేయకూడదు. ‘వీసా తర్వాత కొట్టిస్తాం, రేపటి నుంచి పనిలోకి రా’ అన్న యజమానిని నమ్మవద్దు. పర్మిట్టు లేకుండా పని చేయించే యజమానికి 1 లక్ష నుంచి 10 లక్షల దిర్హంల దాకా జరిమానా వేసేలా 2024లో యు.ఎ.ఇ. చట్టాన్ని కఠినం చేసింది. పట్టాదారులు ఉద్యోగం వెతుక్కోవడానికి 60, 90, 120 రోజుల ప్రత్యేక వీసా 2022 అక్టోబరు నుంచి ఉంది. దానికి అర్హతలు ఉన్నాయి, వాటిని చూసుకుని అడగవచ్చు. గడువు మించి ఉండిపోయినవారి కోసం 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టింది. క్షమాభిక్ష దాకా దాక్కుని బతికే జీవితం మన బిడ్డకు ఎందుకు?

పట్టా ఉన్నవాడికే జాగ్రత్త ఎక్కువ

చదువుకున్నవాడు మోసపోడని మనం అనుకుంటాము. చట్టం చూస్తే సంగతి వేరుగా ఉంది. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ‘ఇ.సి.ఆర్.’ ముద్ర ఉంటుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే వారు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. అక్కడ కాంట్రాక్టు కాగితం ఒకరు చూస్తారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా తప్పనిసరిగా చేయిస్తారు. బీకాం చదివినవాడికి ఈ అనుమతి అక్కర్లేదు. నేరుగా విమానం ఎక్కవచ్చు. అంటే అతని కాగితాన్ని ప్రభుత్వం తరఫున చూసేవాడు ఎవరూ లేరు. తానే చూసుకోవాలి.

అయితే ఒక రక్షణ అందరికీ ఉంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ కాని ఏ మనిషీ విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపకూడదు. రిజిస్టరైన ఏజెంటుకు నంబరు ఉంటుంది. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే అతని పేరు, చిరునామా, లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో కనబడుతుంది. అతను తీసుకోగల సర్వీసు చార్జీ రూ.30 వేలకు మించకూడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.35,400. దానికి రసీదు ఇవ్వాలి. ‘ఆయన తరఫున ఊళ్లో చూసుకునేది నేనే’ అనే సబ్-ఏజెంటుకు చట్టంలో చోటు లేదు. అతను మన బంధువు కావచ్చు, పక్క మొహల్లావాడు కావచ్చు, ఐదు పూటలా మన సఫ్‌లోనే నిలబడేవాడు కావచ్చు. నంబరు అడగడం అవమానం కాదు. రాసుకోమని అల్లాహ్ చెప్పినది కూడా ఒకరినొకరు ఎరిగినవారికే.

రాష్ట్ర ప్రభుత్వం తరఫున విదేశీ ఉద్యోగాలు చూసే ‘ఓంక్యాప్’ సంస్థ ఉంది. ప్రవాసాంధ్రుల కోసం ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. దళారి ఇంటికి పోయేముందు ఈ రెండు గడపలూ తొక్కడం మంచిది.

పట్టా కాగితానికి ముద్రలు కూడా అవసరం. యూనివర్సిటీ ఇచ్చిన అసలు పట్టాను రాష్ట్ర విద్యాశాఖ, ఆ తర్వాత కేంద్ర విదేశాంగశాఖ ధ్రువీకరించాలి. యు.ఎ.ఇ., కువైట్, ఖతర్‌లకైతే ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కావాలి. సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లు అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి. కాబట్టి విదేశాంగశాఖ వేసే అపోస్టిల్‌తో సరిపోతుంది. మన జిల్లా పిల్లల్లో పాతవారి పట్టాలు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీవి, తర్వాతివారివి కడప యోగి వేమన యూనివర్సిటీవి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా పని ఆగుతుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో ‘షేక్’ అని, పాస్‌పోర్టులో ‘షైక్’ అని ఉంటే ముందుగానే సరిచేయించుకోండి. మన ఇళ్లలో ఈ తంటా చాలా ఎక్కువ.

పోయేముందు రాయాల్సిన లెక్క

ఇప్పుడు అసలు లెక్క. ఉదాహరణకు ఒక అబ్బాయికి దుబాయిలో 3,000 దిర్హంల జీతం అనుకుందాము. మంచం బాడుగ 800, తిండి 600, దారి ఖర్చు 300, ఫోను, చిల్లర 100 పోతే మిగిలేది 1,200. దిర్హం రూ.23 లెక్కన రూ.27,600. అందులో ఇంటి ఖర్చుకు 15 వేలు పోతే అప్పు తీర్చడానికి మిగిలేది రూ.12,600.

దళారికి, టికెట్టుకు కలిపి రూ.2 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకోండి. మొదటి నెల వడ్డీయే 4 వేలు. నెలకు 12,600 కడుతూ పోతే అప్పు తీరడానికి 19 నెలలకు పైనే పడుతుంది. రెండేళ్ల కాంట్రాక్టులో తన కోసం మిగిలేది ఐదు నెలలు కూడా కాదు. అదీ విమానం దిగిన మొదటి నెల నుంచే జీతం వస్తే! చట్టప్రకారం పోయి, అన్ని ఖర్చులూ కలిపి 60 వేలే అయి, దాన్ని వడ్డీ లేకుండా తెచ్చుకుంటే ఐదు నెలల్లో తీరిపోతుంది. ఒకే ఉద్యోగం, ఒకే జీతం. తేడా అంతా పోయిన పద్ధతిలో ఉంది.

వడ్డీ హరామ్ అని తెలిసి కూడా ‘ఏం చేస్తాము, బిడ్డ బాగుపడాలి కదా’ అని తెచ్చేవారు ఎక్కువ. ఇంట్లో నగ ఉంటే తాకట్టు పెట్టి వడ్డీ కట్టడం కంటే అవసరమైన మేరకు అమ్మేయడమే మేలు. బంగారం మళ్లీ కొనవచ్చు. ప్రొద్దుటూరువాళ్లకు ఇది మేము చెప్పాలా? మామూలు, చిచ్చాలు నలుగురు కలిసి కర్జె హసనా ఇవ్వగలిగితే అది ఇంకా మంచిది. ఆ కర్జు కూడా కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకంతో తీసుకోవాలి. మాట మీద ఇచ్చిన డబ్బు తర్వాత ఎన్ని ఇళ్లను విడదీసిందో మన మొహల్లాలకు తెలుసు.

సంతకానికి ముందు చూడాల్సిన వరుసలు

యు.ఎ.ఇ.లో ఉద్యోగానికి ముందు ప్రభుత్వ నమూనాలో ఆఫర్ లెటరు ఇస్తారు. అది ఉర్దూలోనూ దొరుకుతుంది. ఉర్దూ చదవగలిగిన తల్లిదండ్రులు దాన్ని అడిగి తీసుకోవాలి. తగాదా వస్తే అరబ్బీ పాఠమే చెల్లుతుంది కాబట్టి దాన్ని కూడా తెలిసినవారికి చూపించండి.

పని పేరు ‘ముహాసిబ్’ అని ఉందా? ‘ఆమిల్’ అని ఉంటే కూలివాడని అర్థం. మూల జీతం ఎంత, అలవెన్సులు ఎంత? ఇక్కడ చాలామంది బోర్లా పడతారు. మొత్తం 4,000 దిర్హంలు అని చూసి సంతోషిస్తారు. కానీ ఉద్యోగం చివర ఇచ్చే గ్రాట్యుటీ మూల జీతం మీదే లెక్క. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల జీతం. మూల జీతం 1,600 అయితే మూడేళ్లకు 3,360 దిర్హంలు వస్తుంది. 2,400 అయితే 5,040 వస్తుంది. ఇతరుల గ్రాట్యుటీ లెక్కించబోయే అకౌంటెంటు తన గ్రాట్యుటీ లెక్కించుకోకుండా సంతకం పెడితే నవ్వుకుంటారు.

ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. వీసా, రిక్రూట్‌మెంటు ఖర్చులు యజమానే భరించాలని 2021లో వచ్చిన అక్కడి కార్మిక చట్టం చెబుతోంది. వాటిని జీతంలో కోస్తామంటే ఒప్పుకోవద్దు. పాస్‌పోర్టు ఎప్పుడూ మన దగ్గరే ఉండాలి. జీతం బ్యాంకు ద్వారా రావాలి, చేతికి ఇస్తామంటే అనుమానించాలి.

అకౌంటెంటుకు మరో ప్రమాదం ఉంది. యజమాని చెప్పాడని దొంగ బిల్లు రాస్తే, రెండు పుస్తకాలు పెడితే, సంతకం మనదే ఉంటుంది. డ్రైవరు తప్పు చేస్తే జరిమానాతో పోవచ్చు, అకౌంటెంటు తప్పు కోర్టుకు పోతుంది. కేసు తేలేదాకా దేశం దాటనివ్వరు. ఇక వడ్డీ వ్యాపారమే పనిగా ఉన్న సంస్థలో లెక్కలు రాయడం గురించి పిల్లలు అడుగుతుంటారు. వడ్డీ పుచ్చుకునేవాడితో పాటు దాన్ని రాసేవాడిని, సాక్షులను కూడా దైవప్రవక్త (సఅసం) ఒకే కోవలో చేర్చినట్టు సహీహ్ ముస్లింలో హదీసు ఉంది. మామూలు వ్యాపార సంస్థ పుస్తకాల్లో బ్యాంకు వడ్డీ వరుస ఒకటి వస్తే ఏమిటన్నది వేరే ప్రశ్న. ఉద్యోగం ఒప్పుకునేముందే దగ్గరలోని ముఫ్తీ సాహెబును అడిగి తెలుసుకోండి.

కాగితమే కాపాడిన రోజులు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. రాత్రికి రాత్రి లక్షల మంది బతుకులు తలకిందులయ్యాయి. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో సుమారు 1 లక్షా 70 వేల మంది భారతీయులు దేశం చేరారు. మన జిల్లావాళ్లు కూడా కట్టుబట్టలతో ఊళ్లకు వచ్చారు. 1991లో ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం కోసం జెనీవాలో ఒక కమిషన్ పెట్టింది. దేశం వదలి వచ్చినందుకు ఒక రకం పరిహారం, పోయిన జీతం, ఆస్తి వంటి నష్టాలకు మరో రకం. మొదటిదానికి వెళ్లిపోయిన తారీఖుకు రుజువు ఉంటే చాలావరకు సరిపోయింది. రెండోదానికి నష్టానికి ఆధారాలు చూపాల్సి వచ్చింది. ఉద్యోగ పత్రం, జీతం చీటీ, బ్యాంకు పుస్తకం వెంట తెచ్చుకున్నవారికి ఆ పని సులువైంది. బట్టలు సర్దుకునే తొందరలో కాగితాలు వదిలేసినవారు ఎంత నష్టపోయినా చూపించడానికి చేతిలో ఏమీ లేకపోయింది.

అందుకే పోయే ప్రతి బిడ్డా తన పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, ఇఖామా లేదా బతాఖా నకళ్లు ఒక జత ఇంట్లో, ఒక జత ఫోనులో పెట్టాలి. నెలనెలా జీతం చీటీ ఫోటో తీసి ఇంటికి పంపాలి. డబ్బును హుండీలో కాకుండా బ్యాంకు ద్వారా, తన పేరిట తెరిచిన ఎన్.ఆర్.ఇ. ఖాతాకు పంపాలి. ఇంట్లో ఎవరో ఒకరు, చెల్లెలైనా సరే, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని ఒక నోటుబుక్కులో రాయాలి. పదేళ్లు పంపిన డబ్బు ఎక్కడ పోయిందో తెలియక తిరిగివచ్చి అన్నదమ్ములతో తగువు పడేవారిని చూస్తూనే ఉన్నాము. జకాత్ లెక్కకు కూడా ఆ పుస్తకమే ఆధారం.

ఆ చెల్లెలి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన ఆడపిల్లలు బీకాంలో అబ్బాయిల కంటే శ్రద్ధగా చదువుతున్నారు. జీఎస్టీ రిటర్నులు, జీతాల పట్టీలు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని చేయగల పనులు. సొంత ఊరి అంగళ్లకే కాక, దూరదేశపు కంపెనీల లెక్కలు కూడా ఇక్కడి నుంచే రాసేవారు ఉన్నారు. గల్ఫ్‌కు పోయిన అన్న సంపాదనకు ఇంట్లో ఉన్న చెల్లెలి సంపాదన తోడైతే తాకట్టు అవసరమే రాదు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ రేపు ఎవరో పరదేశీ వ్యాపారి దగ్గర కూర్చుని ప్రతి రూపాయికీ రసీదు అడగబోతున్నాడు. ఈరోజు మీరు దళారికి ఇచ్చే డబ్బుకు రసీదు అడగండి. వీసా కాగితం చేతికి రాగానే మీ మసీదు ఇమాం సాహెబు దగ్గరకో, అరబ్బీ అర్థం తెలిసిన ఉస్తాద్ దగ్గరకో తీసుకుపోయి ఒక్కసారి చదివించుకోండి. దానికి రుసుము అక్కర్లేదు, పది నిమిషాల పని. చదివించాకే డబ్బు ఇవ్వండి. అల్లాహ్ మన పిల్లలకు హలాల్ రోజీ ప్రసాదించుగాక, వారి ప్రయాణాలను సురక్షితం చేయుగాక. ఆమీన్.